మన మెట్ట నీళ్ళలోని ఫ్లోరైడ్ సంగతి 1937లోనే తేలింది కదా, విధానం మారడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది?

పొదిలి సైన్సు మాస్టారు | ఆదివారం, ఉదయం 6:50

సభ్యులందరికీ నమస్కారం. పొదిలి చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా సైన్సు చెప్పి ఉద్యోగ విరమణ చేశాను. చాలాకాలంగా మనసులో మెదులుతున్న ఒక ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను. తెలిసినవారు ఓపికగా జవాబు చెప్పాలని కోరుతున్నాను.

తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో వైద్య పత్రికలో మొట్టమొదట వచ్చిన రచన మన ప్రాంతం గురించే. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయనతో పాటు మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే వైద్యులు 1937లో దానిని ప్రకటించారు. ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు కనుక మన మెట్ట తాలూకాలు అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. వైద్యుల కంటే ముందే ఇక్కడి రైతులు తమ దుక్కిటెడ్లు కీళ్ళు పట్టేసి అడుగు వేయలేకపోవడం గమనించారని తరువాతి వైద్య రచనలు చెబుతున్నాయి. అంటే పశువులో మొదట, మనిషిలో తరువాత, పత్రికలో ఆ తరువాత ఈ సంగతి బయటపడింది.

అయినా నేను ఉద్యోగంలో చేరిన నాటికి మా తరగతి గదిలో సగం మంది పిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. పళ్ళ మీద గోధుమరంగు చారలు కనబడతాయని వారి సిగ్గు. ఫ్లోరిన్ పాఠం చెప్పే రోజున నాకు ఎంతో ఇబ్బందిగా ఉండేది, ఎందుకంటే పాఠం నల్లబల్ల మీద కంటే ఎదురుగా కూర్చున్న పిల్లల నోళ్ళలోనే ఎక్కువ స్పష్టంగా ఉండేది.

అదే మద్రాసులో 1956లో క్షయ వ్యాధి మీద మొదలుపెట్టిన అధ్యయనం ఫలితాలు 1959లో వచ్చాయి, 1962 నాటికి జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమమే వాటి ఆధారంగా నడిచింది. ఒక పరిశోధన మూడేళ్ళలో దేశవిధానం కాగలిగితే, ఇంకొక పరిశోధన అయిదు దశాబ్దాలు కాగితం మీదే ఎందుకు ఉండిపోయింది? ప్రభుత్వాలకు మనసు లేదన్న ఒక్క మాటతో ఈ ప్రశ్న తీరదని నా అభిప్రాయం.

ఒంగోలు సామాజిక వైద్యం | ఆదివారం, ఉదయం 9:15

మాస్టారూ, నమస్కారం. నేను సామాజిక వైద్య విభాగంలో పనిచేస్తున్నాను. మీరు పోల్చిన రెండు అధ్యయనాలూ మా విద్యార్థులకు చెప్పేవే, కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన నాకు ఇంతవరకు రాలేదు.

మద్రాసు అధ్యయనం ఎందుకు అంత త్వరగా పనికివచ్చిందో చెప్పాలంటే అప్పటి పరిస్థితిని గుర్తు చేసుకోవాలి. దేశంలో క్షయ రోగులు లక్షల్లో ఉండగా శానటోరియం, అంటే క్షయ ఆసుపత్రి, పడకలు వేలల్లో మాత్రమే ఉండేవి. మందులు అప్పుడే అందుబాటులోకి వచ్చాయి. మంచి గాలి, మంచి తిండి, పడక విశ్రాంతి లేకుండా కేవలం మందులతో ఇంటిదగ్గర నయమవుతుందా, ఇంట్లో ఉంచితే మిగిలినవారికి అంటుకుంటుందా అన్న ప్రశ్నకు జవాబు తెలియక ప్రభుత్వమే తలపట్టుకుని ఉంది. అందుకని 193 మంది రోగులను చీటీలు తీసినట్టుగా రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని శానటోరియంలోను, రెండవ భాగాన్ని మద్రాసు పేటల్లోని వారి వారి ఇళ్ళలోను ఉంచి, ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చి చూశారు. ఇంటి దగ్గరి వారు తక్కువ తిన్నారు, ఎక్కువ కష్టపడ్డారు, ఇరుకు గదుల్లో ఉన్నారు. అయినా నయమైనవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, వారి ఇంట్లోని వారికి జబ్బు అదనంగా అంటుకోలేదు.

గమనించండి, ఆ ఫలితం ప్రభుత్వానికి ఖర్చు తగ్గించింది. పడకలు కట్టనవసరం లేదని చెప్పింది. అడిగిన ప్రశ్నకు, అడిగిన సమయంలో, చేయగలిగిన జవాబు దొరికింది. 1937 నాటి రచన అలాంటిది కాదు. ఎవరూ అడగని ప్రశ్నకు అది జవాబు. మీ బావుల్లోని నీళ్ళే మీ ఎముకలను గట్టిపరచి వంచుతున్నాయని చెప్పింది గానీ, ఆ నీళ్ళకు బదులు ఏమి తాగాలో చెప్పలేదు, చెప్పగలిగే స్థితి ఆనాటికి లేదు. జబ్బు ఉందని చూపే ఆధారం వేరు, దానికి విరుగుడు ఉందని చూపే ఆధారం వేరు. మొదటిదే ఉండి రెండవది లేనప్పుడు పరిశోధన ఎంత నిజమైనా అధికారి బల్ల మీద కదలదు.

విశ్రాంత నీటిసరఫరా ఇంజినీరు | ఆదివారం, ఉదయం 11:40

డాక్టరు గారు చెప్పిన దానికి నా వైపు నుంచి కొంత చేరుస్తాను, కొంత విభేదిస్తాను.

విరుగుడు లేకపోవడం 1937కు నిజమే. కానీ 1970ల నాటికి నాగపూరులోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ నల్లగొండ పద్ధతిని రూపొందించింది. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి బాగా తిప్పి, మడ్డి కిందికి దిగేదాకా ఆగి, పైన తేరిన నీటిని వాడుకోవడమే ఆ పద్ధతి. ప్రయోగశాలలో అది చక్కగా పనిచేస్తుంది, నేను స్వయంగా చేసి చూశాను. 1986లో జాతీయ తాగునీటి మిషన్ వచ్చినప్పుడు ఫ్లోరైడ్‌ను ప్రత్యేకంగా చేర్చారు. విరుగుడూ ఉంది, కార్యక్రమమూ ఉంది, నిధులూ వచ్చాయి. మరి ఎక్కడ ఆగింది?

ఒక ఊరి సంగతి చెబుతాను, పేరు చెప్పను. నా ఆధ్వర్యంలోనే అక్కడ ఫ్లోరైడ్ తీసివేసే ప్లాంటు కట్టాం. ప్రారంభించిన నాడు నీళ్ళు పరీక్షిస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపే వచ్చింది. దేశంలో వాంఛనీయంగా పెట్టుకున్న హద్దు అది, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ 1.5 మాత్రమే. ఎనిమిది నెలల తరువాత వెళ్ళి చూస్తే ప్లాంటు గది తలుపుకు గొళ్ళెం వేసి ఉంది, లోపల పటిక సంచులు తేమకు గడ్డకట్టి రాయిలా ఉన్నాయి, తొట్టి అడుగున మడ్డి ఎండి పెచ్చులు లేచింది. నడిపే అబ్బాయికి మూడు నెలలుగా జీతం లేదు. నీళ్ళు కొంచెం వగరుగా ఉన్నాయని ఆడవాళ్ళు మళ్ళీ బోరు దగ్గరికే వెళుతున్నారు.

నేను పంపిన నివేదికల్లో మాత్రం ఆ ప్లాంటు చాలాకాలం పూర్తయిన పనిగానే లెక్కలో ఉంది, ఎందుకంటే ఆ నమూనాలో ఎన్ని కట్టారన్న గడి ఉంది గానీ, ఎన్ని నడుస్తున్నాయన్న గడి లేదు. ఆ గడి కావాలని పట్టుబట్టి అడగకపోవడం నా తప్పు. ఈ మాట ఇన్నాళ్ళకు రాస్తున్నాను. పటిక కలిపితే ఫ్లోరైడ్ పోతుందన్నది ఒక ఆధారం. మెట్ట పల్లెలో పంచాయతీ చేతిలో అది పదకొండో నెలలో కూడా నడుస్తుందా అన్నదానికి వేరే ఆధారం కావాలి. దానిని ఎవరూ సేకరించలేదు. చివరకు మాకు కలిగిన అనుభవం ఏమిటంటే, వీలున్న చోటల్లా సాగర్ కుడికాలువ నీటిని గొట్టాల ద్వారా తేవడమే మేలు. ఖర్చు ఎక్కువే, కానీ ఇంటింటా పటిక కలపనవసరం లేదు.

కనిగిరి రైతు | ఆదివారం, మధ్యాహ్నం 2:05

పెద్దలందరూ ఆధారాలు, అధ్యయనాలు అని రాస్తున్నారు. నాకు కోపం వస్తోంది, క్షమించండి. మా నాయన యాభై ఏళ్ళకే నడుము వంగి, మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. చివరి నాలుగేళ్ళు మంచం మీదే. ఆయన ఉండగా రెండుసార్లు, పోయిన తరువాత మూడుసార్లు మా ఊరికి పరీక్షలవాళ్ళు వచ్చారు. సీసాల్లో నీళ్ళు పట్టుకున్నారు, మా చేత మూత్రం పట్టించుకున్నారు, పిల్లల పళ్ళు ఫోటోలు తీసుకున్నారు. ఒక్కరు కూడా తిరిగి వచ్చి మీ సీసాలో ఇంత ఉంది అని చెప్పలేదు. మా ఒంటి నుంచి తీసుకున్నది మాకు చెప్పకుండా ఎక్కడికి పోయింది? ఇంక ఎన్నిసార్లు రుజువు చేయాలి? మా నాయన వీపు చాలదా?

దర్శి వైపు ఏఎన్‌ఎం | ఆదివారం, రాత్రి 8:30

బాబాయి గారూ, మీ మాటకు నేను ఎదురు చెప్పను. సీసాలు పట్టినవారిలో నాలాంటి వారూ ఉన్నారు. పరీక్ష ఫలితాలు పైకి పంపుతాం, కిందికి రావు. 2008లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టి, తొలి విడత జిల్లాల్లో నెల్లూరును చేర్చినప్పుడు, మూత్రంలోను నీటిలోను ఫ్లోరైడ్ కొలిచే మీటరు జిల్లాలోనే ఉండాలని, ఫలితం ఇక్కడే తెలియాలని ఏర్పాటు చేశారు. కాగితం మీద ఉన్న ఆ ఏర్పాటు మీ గడప దాకా రాలేదంటే లోపం మా వైపే.

అయితే ఒక సంగతి చెప్పాలి. మా సబ్‌సెంటరు పరిధిలో ఇప్పుడు చాలా ఇళ్ళలో తాగడానికి క్యాను నీళ్ళు తెచ్చుకుంటున్నారు. క్యాను నీళ్ళు తాగుతున్నాం కనుక మాకు బాధ లేదు అనేవారు. ఒకరోజు ఒక గర్భిణి ఇంటికి వెళ్ళాను. గూట్లో క్యాను ఉంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, ఆ నీళ్ళు ఎక్కడివమ్మా అని అడిగితే బోరువే అన్నది. అన్నమూ దానితోనే, పప్పుచారూ దానితోనే, టీ కూడా దానితోనే. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై, మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. అంటే క్యాను నీళ్ళతో తప్పించుకున్నామనుకున్నది కంచంలో తిరిగి వస్తోంది. తాగునీరు అని రాసిన పథకంలో వంటనీరు అన్న మాట లేదు. ఈ సంగతి ఏ పెద్ద పత్రికలోనూ చదివి తెలుసుకోలేదు, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి పక్కన కూర్చుంటే తెలిసింది. ఇలాంటివి కూడా ఆధారాలుగా తీసుకోవాలని నా మనవి.

నెల్లూరు పాఠకురాలు | సోమవారం, ఉదయం 7:20

చర్చ అంతా చదివాను. పరిశోధన లేకుండానే విధానం మారిన సందర్భం మన జిల్లాలోనే ఉంది కదా అనిపించింది. 1991లో అక్షర దీపం కార్యక్రమంలో రాత్రి బడులకు వెళ్ళిన దూబగుంట మహిళలు 1992లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వారి దగ్గర ఏ అధ్యయనమూ లేదు, కూలి డబ్బు ఎటు పోతోందో, ఇంట్లో దెబ్బలు ఎవరు తింటున్నారో వారికి తెలుసు. కనిగిరి రైతు గారు అడిగినదీ అదే. అనుభవం చాలదా?

మరొక పక్క 2021లో ఆనందయ్య పంచిన కృష్ణపట్నం మందు కూడా మన జిల్లాదే. కరోనా రెండో విడతలో వేలాది మంది వరుసల్లో నిలబడ్డారు. తగ్గిందని చెప్పినవారూ ఎందరో ఉన్నారు. అదీ అనుభవమే. అలాంటప్పుడు ఒక అనుభవాన్ని నమ్మి, ఇంకొక దానిని నమ్మవద్దని ఎలా అంటాం? నాకు నిజంగా తెలియక అడుగుతున్నాను.

ఒంగోలు సామాజిక వైద్యం | సోమవారం, ఉదయం 10:10

చాలా మంచి ప్రశ్న వేశారమ్మా. రాత్రంతా దీని గురించే ఆలోచించాను అని కూడా చెప్పగలను, ఎందుకంటే రైతు గారి మాట చదివిన తరువాత నిద్ర పట్టలేదు.

సారా విషయంలో ఆ మహిళలు చెప్పినది తమకు జరుగుతున్న హాని. తమ ఇంట్లో ఏమి జరుగుతోందో చెప్పడానికి వారికంటే పెద్ద సాక్షి ఎవరూ ఉండరు, ఏది సహించాలో ఏది సహించకూడదో తేల్చే హక్కు కూడా వారిదే. రైతు గారి తండ్రి వీపు కూడా అటువంటి సాక్ష్యమే, దానికి ఇంకొక అధ్యయనం అవసరం లేదన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కృష్ణపట్నం మందు సంగతి వేరు. కరోనా సోకినవారిలో అత్యధికులకు ఏ మందూ వేసుకోకపోయినా తగ్గుతుంది. మందు వేసుకున్నాక తగ్గింది అన్న అనుభవం నిజమే, కానీ మందు వల్లనే తగ్గిందా అన్నది ఎంతటి నిజాయితీపరుడైనా తన ఒక్క ఒంటిని చూసుకుని చెప్పలేడు. మందు పుచ్చుకోని వారితో పోల్చాలి. ఆయుర్వేద పరిశోధన మండలి నివేదికను చూసి, 2021 మే 31న రాష్ట్ర ప్రభుత్వం ఆ మందుల్లో కంటి చుక్కలను మినహాయించి కొన్నిటికి అనుమతి ఇచ్చింది. వాటివల్ల హాని కనబడలేదన్నది ఆ అనుమతికి ప్రాతిపదిక. హాని లేదు అన్న మాటను జనం పనిచేస్తుంది అన్న మాటగా విన్నారు. ఈ రెండు మాటల మధ్య దూరాన్ని ప్రజలకు విడమరచి చెప్పడంలో మా వైద్యులం అందరం వెనుకబడ్డామని నేను ఒప్పుకుంటాను.

అనుభవం, పరిశోధన కలిసి నడిచినదీ ఉంది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె మహిళలకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డల్ని ఇంటిదగ్గరే చూసుకునే పద్ధతి పెట్టి, పోల్చడానికి వేరే గ్రామాలను పక్కన పెట్టుకుని లెక్కించారు. మూడో ఏటికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో అది లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది, 2011లో ఆశా కార్యకర్తల విధుల్లో చేరింది. అంత గట్టి ఆధారానికీ పన్నెండేళ్ళు పట్టింది.

దర్శి వైపు ఏఎన్‌ఎం | సోమవారం, మధ్యాహ్నం 1:15

మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు. మా ఆశా అమ్మాయిలు బిడ్డను తూచడానికి వెళ్ళే రోజులివి. ఇవి గడ్చిరోలి నుంచి వచ్చాయని ఇప్పుడే తెలిసింది. రేపటి సమావేశంలో వారికి చెబుతాను.

చీమకుర్తి వాసి | సోమవారం, సాయంత్రం 5:45

కనిగిరి, పామూరు వైపు కిడ్నీ జబ్బులు కూడా ఎక్కువగా ఉన్నాయని వింటున్నాం. దానికీ ఈ ఫ్లోరైడ్ నీళ్ళే కారణమని అందరూ అంటున్నారు. ప్రభుత్వం ఎందుకు అలా ప్రకటించదు?

ఒంగోలు సామాజిక వైద్యం | సోమవారం, రాత్రి 9:00

ఇక్కడ తొందరపడకూడదు. మూత్రపిండాలు బలహీనపడితే ఫ్లోరైడ్ సరిగా బయటకు పోక ఒంట్లో నిలిచిపోతుందన్నది తెలిసిన సంగతి. కనుక కిడ్నీ రోగులకు ఈ నీరు మరింత చెరుపు చేస్తుందని ధైర్యంగా చెప్పవచ్చు. కానీ కిడ్నీ జబ్బును తెచ్చినదే ఫ్లోరైడ్ అనడానికి అది రుజువు కాదు. రెండూ ఒకే ఊళ్ళో ఉన్నంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి తల్లి కాదు. శ్రీకాకుళం ఉద్దానంలో ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్నా ఇదే కారణమని ఒక్కదాన్ని తేల్చలేకపోయారు. కారణం తేలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. డయాలసిస్, మంచినీరు, ఎండలో పనిచేసేవారికి తగినన్ని నీళ్ళు, నొప్పి బిళ్ళల వాడకం తగ్గించడం వంటివి ఇప్పుడే చేయవచ్చు. కారణాన్ని తప్పుగా ప్రకటిస్తే మాత్రం, అసలు కారణాన్ని వెతకడం ఆ రోజుతో ఆగిపోతుంది.

పొదిలి సైన్సు మాస్టారు | మంగళవారం, ఉదయం 6:30

నా ప్రశ్నకు నాకు కావలసినంత జవాబు దొరికింది. ఇంజినీరు గారు చెప్పిన ఆ లేని గడి గురించే రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. గొట్టాల నీరు వచ్చిన ఊళ్ళలో నిజంగా మేలు జరిగిందో లేదో మనం తెలుసుకోగలమని నాకు తోస్తోంది.

శాశ్వత దంతం చిగురు కింద తయారయ్యే వయసులోనే, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపే, ఫ్లోరైడ్ దాని మీద మచ్చ వేస్తుంది. పన్ను ఏర్పడిన తరువాత ఎంత తాగినా ఆ మచ్చ రాదు, ముందే పడిన మచ్చ ఎంత మంచినీరు తాగినా పోదు. అందువల్ల పదో తరగతి పిల్లవాడి ముందుపళ్ళు వాడు పసివాడుగా ఉన్నప్పుడు తాగిన నీటి చరిత్రను చెబుతాయి. ఒక ఊరికి కాలువ నీరు ఏ ఏడు వచ్చిందో తెలిస్తే, దానికి ముందు పుట్టిన పిల్లల పళ్ళను, తరువాత పుట్టిన పిల్లల పళ్ళను పోల్చవచ్చు. ఇప్పటికీ బోరు మీదే ఉన్న పక్క ఊరిని దీనికి పోలికగా పెట్టుకోవచ్చు. యంత్రం అక్కరలేదు. వెలుతురు, ఓపిక, పుట్టిన సంవత్సరం రాసిన హాజరు పట్టీ ఉంటే చాలు.

విశ్రాంత నీటిసరఫరా ఇంజినీరు | మంగళవారం, ఉదయం 8:10

మాస్టారూ, పని ప్రారంభమైన తేదీలు కాకుండా, నీరు కుళాయిలోకి నిజంగా వచ్చిన తేదీలు నా పాత డైరీల్లో ఉన్నాయి. మధ్యలో మోటారు కాలిపోయి ఊరు మళ్ళీ బోరుకు వెళ్ళిన నెలలు కూడా రాసి పెట్టుకున్నాను. అవి లేకపోతే మీ పోలిక తప్పుతుంది. 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అంటుంది. అంత వస్తే వంటకూ సరిపోతుంది, ఏఎన్‌ఎం అమ్మాయి చెప్పిన ఇబ్బంది తీరుతుంది. నిజంగా ఎన్ని లీటర్లు వస్తున్నాయో కూడా బిందెలతో కొలిచి రాయాలి.

ఒంగోలు సామాజిక వైద్యం | మంగళవారం, ఉదయం 10:25

పళ్ళ మచ్చలను ఏ స్థాయివో గుర్తించడానికి స్థిరమైన పద్ధతి ఉంది, దాన్ని మీకు నేర్పే బాధ్యత నాది. చూసేవారికి ఆ పిల్లవాడు ఏ ఊరివాడో తెలియకుండా ఉండాలి, తెలిస్తే కన్ను తాను కోరుకున్నదే చూస్తుంది. మొదలుపెట్టే ముందు నైతిక అనుమతి సంఘానికి దరఖాస్తు చేస్తాను, తల్లిదండ్రుల సమ్మతి లేనిదే ఒక్క పిల్లవాడి నోరూ తెరిపించవద్దు.

దర్శి వైపు ఏఎన్‌ఎం | మంగళవారం, మధ్యాహ్నం 12:40

నాది ఒక్కటే షరతు. తేలినది మొదట ఆ ఊళ్ళోనే, రచ్చబండ దగ్గర, ఊరివాళ్ళకు చెప్పాలి. ఆ తరువాతే పత్రికకైనా, కలెక్టరు గారి కార్యాలయానికైనా పంపాలి. ఎవరి బిడ్డ సంగతి వారికి విడిగా చీటీ మీద రాసి ఇవ్వాలి. దానికి ఒప్పుకుంటే నేను వస్తాను. బాబాయి గారూ, మీ ఊరు కూడా ఇందులో ఉంటే బాగుంటుంది, కానీ మీరు సరే అంటేనే.

కనిగిరి రైతు | మంగళవారం, రాత్రి 7:55

మా ఊరికి కాలువ నీళ్ళు వచ్చి తొమ్మిదేళ్ళు అవుతోంది, మధ్యలో రెండు వేసవులు రాలేదు. ఇంజినీరు గారి డైరీలో ఆ రెండు వేసవులు ఉన్నాయో లేదో చూడమనండి. ఉంటే ఆ లెక్కను నేను నమ్ముతాను.

మా మనవరాలికి ఏడేళ్ళు నిండాయి. మొన్న పై వరుసలో ముందు పన్ను ఊడింది, కింద వరుసలో కొత్తవి రెండు వచ్చాయి. ఇందాక దీపం వెలుగులో నోరు తెరవమని చూశాను. తెల్లగానే ఉన్నాయి. పైవి కూడా రానివ్వండి, అప్పుడు రండి.